2 మీటర్ల లాన్యార్డ్ హార్నెస్ సెట్: తక్కువ ఎత్తు షెడ్లకు వద్దు

ఎత్తులో పనిచేసేవాళ్లు ఒంటికి కట్టుకునే పట్టీల జత, అంటే హార్నెస్ వరకు వంక పెట్టలేం. వీపు మీది డి-రింగ్ (తాడు తగిలించే కడియం) భుజాల ఎముకల మధ్యే నిలుస్తోంది. తొడ పట్టీలో అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. ఆ బిగింపు జారడం లేదు.

తంటా అంతా లాన్యార్డ్‌తోనే, అంటే హార్నెస్‌ను కొక్కేనికి కలిపే తాడుతోనే. కొక్కేన్ని కప్పు మట్టంలో తగిలిస్తే తాడు 2 మీటర్లు, అబ్జార్బర్ (పడే కుదుపును తగ్గించే, మడిచి కుట్టిన పట్టీ) విచ్చుకుంటే 1.75 వరకు, డి-రింగ్ నుంచి పాదాలకు 1.5, కింద ఖాళీ ఇంకో మీటరు. కొక్కెం కింద మొత్తం 6.25 మీటర్ల ఎత్తు కావాలి. అంటే 4 మీటర్ల రేకుల షెడ్డు మీంచి జారితే అబ్జార్బర్ పూర్తిగా విచ్చుకోకముందే నేల తగులుతుంది! ఈ లెక్క ప్యాకెట్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అలాంటి చోట అంచు దాకా వెళ్లనివ్వని పొట్టి తాడే మేలు.

ఒక్కసారి పడితే అబ్జార్బర్ కుట్లు తెగిపోతాయి, సెట్టు మొత్తం పక్కన పడేయాల్సిందే.