న్యాక్ ఏ ప్లస్ బోర్డు చూసి సీటు కొనకండి: తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులకు జాగ్రత్త హెచ్చరిక

ఈ ఏడాది మన చుట్టుపక్కల ఇంజినీరింగు కళాశాలల్లో మేనేజ్‌మెంట్ కోటా సీటు తీసుకోవాలనుకుంటున్నవారు అడ్వాన్సు కట్టే ముందు దీన్ని చదవండి. న్యాక్ అంటే కళాశాలల నాణ్యతకు గ్రేడు ఇచ్చే సంస్థ, ఎన్‌బీఏ అంటే ఒక్కొక్క కోర్సు నాణ్యతను చూసే సంస్థ. మా తమ్ముడి కూతురి విషయంలో జరిగింది రాస్తున్నాను. కళాశాల పేరు రాయడం లేదు, ఎందుకంటే గొడవ ఇంకా తేలలేదు. పైగా పేరు చెబితే మీరు ఆ ఒక్క చోటును తప్పించుకుని, పక్క కళాశాలలో ఇదే పద్ధతికి చిక్కుతారు.

తమ్ముడిది దామలచెరువులో మామిడి వ్యాపారం. సీట్ల హడావుడీ తోతాపురి కోతా ఒకేసారి వస్తాయి. మండీ వదిలి కదలడానికి లేని రోజుల్లో ఒక కన్సల్టెన్సీ ఆయన నేరుగా ఇంటికే వచ్చాడు. ఇంటర్ పిల్లల ఫోన్ నంబర్లు వీళ్ల చేతికి ఎలా చేరతాయో ఆ దేవుడికే తెలియాలి. "అన్నా, న్యాక్ ఏ ప్లస్, ఎన్‌బీఏ, అటానమస్, ఐఎస్‌ఓ అన్నీ ఉన్న కాలేజీ. కంప్యూటర్ సైన్స్ ఏఐలో నాలుగు సీట్లే మిగిలాయి. రేపటి తర్వాత ఈ ధరకు నాది పూచీ కాదు" అన్నాడు. తమ్ముడు 60,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చాడు. సీటు ఖాయం కావాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా కావాలంటే అవీ ఇచ్చేశాడు.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాల కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యాను. న్యాక్ బృందం వచ్చినప్పుడల్లా ఫైళ్లు సర్దినవాణ్ణి. అందుకే ఆ రంగుల బ్రోచరు చేతికి రాగానే ముందు తేదీలు వెతికాను. ఒక్కటీ లేదు. తర్వాత న్యాక్, ఎన్‌బీఏ వెబ్‌సైట్లలో చూశాను.

బ్రోచరులో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు. న్యాక్ ఏ ప్లస్ నిజమే. కానీ అది అదే సొసైటీకి చెందిన పాత కళాశాలది. మా అమ్మాయికి ఇచ్చిన సీటు అదే ఆవరణలో మూడేళ్ల క్రితం తెరిచిన రెండో కళాశాలలో. ఎన్‌బీఏ కూడా నిజమే, అయితే పాత కళాశాలలోని ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ), మెకానికల్ కోర్సులకు. అటానమస్ హోదా, అంటే పాఠ్యప్రణాళికా పరీక్షలూ సొంతంగా నడుపుకునే హోదా కూడా పాతదానిదే. అన్న పేరు మీదున్న పట్టా చూపించి తమ్ముడి పొలం అమ్మినట్టుంది వ్యవహారం. గేటు ఒకటే, బస్సులు అవే, బోర్డు మీద రెండు పేర్లలో తేడా ఒక్క మాటే.

పోయి అడిగితే అడ్మిషన్ల అధికారి చిరునవ్వుతో, "యాజమాన్యం ఒకటే కదా సార్, గ్రేడు ఒకరిదైతేనేమి, ఇంకొకరిదైతేనేమి?" అన్నాడు. గ్రేడు యాజమాన్యానికి ఇవ్వరు. దాన్ని ఒక సంస్థకో, ఒక కోర్సుకో, ఒక గడువు దాకా మాత్రమే ఇస్తారు. మనకు అమ్మేవాళ్లు ఆ మూడింటిలో ఏదో ఒకటి మార్చి చూపిస్తారు.

ఇక్కడ చాలామంది కలిపేసే రెండు సంగతులను విడదీయాలి. కళాశాల నడపడానికి కావలసింది అనుమతి. సాంకేతిక విద్యకు దాన్ని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇస్తుంది, ఏ కోర్సులో ఎన్ని సీట్లో కూడా ఆ లేఖలోనే ఉంటుంది. పరీక్షలకూ డిగ్రీకీ విశ్వవిద్యాలయ అనుబంధం ఉండాలి. మన తిరుపతి, చిత్తూరు ఇంజినీరింగు కళాశాలల్లో ఎక్కువ భాగానికి అది అనంతపురం జేఎన్‌టీయూ. ఈ రెండూ ఉంటే న్యాక్ లేకపోయినా డిగ్రీ చెల్లుతుంది. మా అమ్మాయికి వచ్చిన సీటుకూ ఈ రెండూ ఉన్నాయి, ఆ మాట దాచి కళాశాలను నకిలీ అనడం న్యాయం కాదు. కానీ మా దగ్గర వసూలు చేయబోయింది మామూలు సీటు ధర కాదు, ఏ ప్లస్ ధర. అసలు అనుమతే లేని నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) విడిగా ప్రకటిస్తుంది.

న్యాక్, ఎన్‌బీఏ చేసేది నాణ్యత మదింపు. రెండూ 1994లో పుట్టాయి. న్యాక్ యూజీసీ కింద బెంగళూరులో ఉంది, సంస్థ మొత్తానికి గ్రేడు ఇస్తుంది. ఎన్‌బీఏను ఏఐసీటీఈ పెట్టింది, 2010 నుంచి అది స్వతంత్రంగా నడుస్తోంది. ఎన్‌బీఏ కళాశాలను కాదు, ఒక్కొక్క కోర్సును చూస్తుంది. కాబట్టి "మా కాలేజీకి ఎన్‌బీఏ ఉంది" అని ఎవరైనా అంటే "ఏ కోర్సుకు?" అని వెంటనే అడగండి. ఒక కోర్సు నుంచి కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించి బయటికి వస్తేనే ఎన్‌బీఏ దాన్ని పరిశీలిస్తుంది. నిన్న గాక మొన్న తెరిచిన ఏఐ, డేటా సైన్స్ కోర్సులకు అది ఉందంటే నమ్మాల్సిన పనిలేదు. న్యాక్‌కు కూడా రెండు బ్యాచ్‌లు బయటికి రావాలి, లేదా సంస్థకు ఆరేళ్లు నిండాలి. మూడేళ్ల కళాశాలకు ఏ ప్లస్ ఎలా వస్తుందని కన్సల్టెన్సీ ఆయన్ని అడిగితే ఫోన్ పెట్టేశాడు.

న్యాక్ గ్రేడు ఎలా వస్తుందో తెలిస్తే బోర్డుకు ఎంత విలువ ఇవ్వాలో కూడా తెలుస్తుంది. మొదట కళాశాలే తన గురించి తాను స్వీయ అధ్యయన నివేదిక రాసుకుంటుంది. పాఠ్యప్రణాళిక, బోధన, పరిశోధన, వసతులు, విద్యార్థులకు అండ, పాలన, విలువలు అని ఏడు అంశాలు. అందులోని లెక్కలను న్యాక్ కాగితాలతో సరిపోలుస్తుంది, విద్యార్థుల అభిప్రాయం సేకరిస్తుంది. ఆ తర్వాతే బృందం వస్తుంది. బృందం వచ్చే వారంలో గోడలకు సున్నం, వరండాలో పూలకుండీలు, ఎన్నడూ తెరవని గ్రంథాలయ పుస్తకాలకు కొత్త అట్టలు: ఇవన్నీ నా కళ్ల ముందే జరిగాయి. అయినా పూలకుండీలతో గ్రేడు రాదు. ఎక్కువ మార్కులు లెక్కల మీదే ఆధారపడతాయి.

నాలుగు పాయింట్లలో 3.51 గానీ అంతకు మించి గానీ వస్తే ఏ డబుల్ ప్లస్, 3.26 నుంచి 3.50 దాకా ఏ ప్లస్, 3.01 నుంచి 3.25 దాకా ఏ. 1.50కి మించకపోతే డీ, అంటే గుర్తింపు లేనట్టే. గ్రేడుకు సాధారణంగా ఐదేళ్ల గడువు. గడువు తీరినా బోర్డు దించని కళాశాలలు మన రోడ్ల మీదే ఉన్నాయి. అక్షరాల గ్రేడుల స్థానంలో గుర్తింపు ఉందా లేదా అనే పద్ధతి తెస్తామని 2024 జనవరిలో ప్రకటించారు కూడా, కాబట్టి గ్రేడుతో పాటు అది ఏ సంవత్సరానిదో చూడటం ఇంకా అవసరం.

గ్రేడు నిజమైనదైతే మాత్రం పూర్తిగా నమ్మవచ్చా? 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలోనే, గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయానికి మంచి గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణపై న్యాక్ తనిఖీ బృందం అధ్యక్షుణ్ణీ సభ్యులనూ సీబీఐ అరెస్టు చేసింది. కేసు కోర్టులో తేలాలి. నేను మాత్రం గ్రేడు కన్నా కళాశాల వెబ్‌సైట్లో ఉండే ఆ స్వీయ నివేదికనే ఎక్కువ నమ్ముతాను. అందులో అధ్యాపకుల పేర్లు, వారి అర్హతలు ఉంటాయి. ఆ జాబితా పట్టుకుని ఆ శాఖలో చదువుతున్న పిల్లల్ని ఇద్దరిని అడగండి, ఈ సార్లు మీకు నిజంగా పాఠం చెబుతున్నారా అని.

కన్సల్టెన్సీ ఆయన ఇంకో మాట వదిలాడు. "ఎన్‌బీఏ ఉంటే అమెరికాలో మన డిగ్రీని నేరుగా ఒప్పుకుంటారు, వాషింగ్టన్ ఒప్పందం ఉంది" అన్నాడు. ఒప్పందం నిజం. ఒక సభ్యదేశం గుర్తించిన ఇంజినీరింగు కోర్సును మిగతా సభ్యదేశాలూ సమానంగా చూసే ఒప్పందం అది. 2014 జూన్‌లో భారత్ అందులో పూర్తి సభ్యత్వం పొందింది. అయితే అది ఎన్‌బీఏలో మొదటి శ్రేణికి, అంటే అటానమస్ కళాశాలలు, విశ్వవిద్యాలయాల కింద గుర్తింపు పొందిన కోర్సులకే వర్తిస్తుంది. మామూలు అనుబంధ కళాశాలలు రెండో శ్రేణి. పైగా ఆ ఒప్పందం ఎవరికీ వీసా గానీ ఉద్యోగం గానీ ఇవ్వదు.

ఐఎస్‌ఓ 9001 గురించి ఒక్క మాట చాలు. అది ఆఫీసు పని పద్ధతులకు ప్రైవేటు సంస్థలు ఇచ్చే ధ్రువపత్రం, చదువు నాణ్యతకు కాదు. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు కూడా వేరే వ్యవహారం.

చూడటం ఎలా అంటారా? బ్రోచరు పక్కన పెట్టి, కళాశాల ఈఏపీసెట్ కోడ్ అడగండి. ఒకే ఆవరణలో ఉన్నా ఒక్కొక్క కళాశాలకు కోడ్ వేరు. మీ సీటు ఏ కోడ్ కింద వస్తుందో తెలుసుకుని, ఆ పేరుతోనే న్యాక్ వెబ్‌సైట్లో వెతకండి. అక్షరం తేడా ఉన్నా వదలకండి. ఎన్‌బీఏ వెబ్‌సైట్లో కోర్సు పేరు, గడువు ముగిసే తేదీ ఉంటాయి. ఈ ఏడాది ఏఐసీటీఈ అనుమతి లేఖ కళాశాల వెబ్‌సైట్లో లేకపోతే కార్యాలయంలో అడగండి. చూపించడానికి నసిగితే లేచి వచ్చేయండి.

ఇక ఇప్పటికే కట్టేసినవారి సంగతి. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలి, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం నిర్ణీత తేదీలోగా సీటు వదులుకుంటే ప్రాసెసింగ్ కింద 1,000 రూపాయలకు మించి పట్టుకోకూడదు. క్యాపిటేషన్ ఫీజును, అంటే సీటు కోసం అసలు ఫీజుకు మించి వసూలు చేసే డబ్బును, మన రాష్ట్రంలో 1983 చట్టమే నిషేధించింది. ఈ మాటలు నోటితో చెబితే ఎవరూ వినలేదు. కాగితం మీద రాసి, ప్రిన్సిపాల్ కార్యాలయంలో ముద్ర వేయించుకుని, ఏఐసీటీఈకి ఫిర్యాదు పెట్టాకే సర్టిఫికెట్లు బయటికి వచ్చాయి. అమ్మాయి కన్వీనర్ కోటాలో వేరే కళాశాలలో ఈసీఈలో చేరింది. ఆ కోర్సుకు ఎన్‌బీఏ ఉంది, గడువు కూడా ఉంది, చూసుకున్నాం.

డబ్బు మాత్రం ఇంకా రాలేదు. దానికి కారణం ఒక రసీదు. కన్సల్టెన్సీ ఆయన ఇచ్చిన రసీదు మీద కళాశాల పేరు లేదు, సొసైటీ పేరుతో "విరాళం" అని రాసి ఉంది. ఆ డబ్బు తాము తీసుకోనే లేదని కళాశాలవాళ్లు అంటున్నారు. ఎవరికైనా డబ్బు కట్టాల్సి వస్తే కళాశాల బ్యాంకు ఖాతాకే కట్టండి. రసీదు మీద కళాశాల పూర్తి పేరు, కోర్సు పేరు, "ట్యూషన్ ఫీజు" అనే మాట ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదవండి.