పొడి నాచుదే, మరి పైన కప్పిన పొర?

చిక్కడపల్లిలో ఒక పళ్ల క్లినిక్‌లో అమ్మకి కింది దవడ పన్ను ఇంప్లాంట్ కోసం ఎముక పొడి పెట్టించాం. పేరు రాయను, పని బాగానే చేశారు, నా గొడవ వేరే. పన్ను పీకించి ఆరేళ్లయింది. పీకిన తర్వాత మొదటి ఏడాదిలోనే అక్కడి ఎముక వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చట, అమ్మకి స్కాన్‌లో చూస్తే స్క్రూ పట్టేంత చోటు లేదు. సరే గ్రాఫ్ట్, అంటే ఎముక తగ్గిన చోట పొడి నింపడం, వేద్దామన్నారు. దేని ఎముకండీ అని నేను అడిగితే తప్ప ఆ మాట రాలేదు. మామూలుగా వాడేది ఆవు ఎముక నుంచి తీసిందే, అందులో ఖనిజం తప్ప ఇంకేం మిగలదని డాక్టర్ గారు ఓపిగ్గానే చెప్పారు గానీ, కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి దగ్గర ఆ మాట నిలుస్తుందా!

అప్పుడు సముద్రపు నాచు పొడి ఉందన్నారు. ఎర్ర నాచుల్లో కొన్నింటి ఒంట్లోనే సున్నం ఉంటుంది, దాన్ని కాల్చి ఫాస్ఫేట్‌తో కలిపి హైడ్రాక్సీఅపటైట్‌గా మారుస్తారు, మన ఎముకలో ఉండే ఖనిజం ఇంచుమించు అదే. పగడంతో ఇలా చేయొచ్చని 1974లోనే చూపించారు, కానీ దిబ్బలు కట్టే పగడాలు మన వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి, కాబట్టి నాచే నయమనిపించింది. అమ్మ కూడా "నాచైతే సరే" అంది.

ఆ రోజు నన్ను లోపల ఉండనిచ్చారు, దానికి థాంక్స్. అర గ్రాము సీసాలో తెల్లగా ఇడ్లీ రవ్వలా ఉంది, చిన్న స్టీల్ గిన్నెలో అమ్మ రక్తంతోనే తడిపితే కుంకుమ కలిపిన రవ్వలా ముద్దయింది. ఆ గుళికల నిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి, సొరపాదుకి పందిరి వేసినట్టు వాటిని పట్టుకుని రక్తనాళాలు, ఎముక కణాలు పాకుతాయి. అమ్మ రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది కదా, రక్తం ఆగడానికి కైటోసాన్ స్పాంజ్ పెట్టబోతూ "రొయ్యలు పడవా అమ్మా?" అని అడిగారు. భీమవరం వైపు కుప్పలుగా పడే రొయ్య పొట్టు లాంటిదాంట్లోంచే తీస్తారు దాన్ని, నాకైతే మంచి ఉపయోగమే అనిపించింది. అమ్మ నోట్లో దూది పెట్టుకునే "రొయ్యా?" అని లేవబోయింది. మామూలు గాజ్ గుడ్డతో గట్టిగా నొక్కి సరిపెట్టారు.

ఇంత అడిగినవాళ్లు అసలుది మాత్రం చెప్పలేదు. పంటి చిగురు, ఎముక కన్నా తొందరగా పెరిగి ఆ చోటు ఆక్రమించకుండా పొడి మీద పలచటి కొల్లాజెన్ (జంతువుల చర్మం లాంటివాటిలో ఉండే ప్రోటీన్) పొర కప్పుతారు. ఫైల్లో అంటించిన స్టిక్కర్లు ఇంటికొచ్చి చూస్తే పొర దగ్గర పోర్సిన్ అని ఉంది. అంటే పంది. ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి "అది అందరికీ అదే వేస్తాం సార్" అంది. అదేం జవాబు? సింథటిక్ పొరలూ ఉన్నాయి, ముందే చెప్పుంటే అదే వేయమనేవాళ్లం. చేప పొలుసుల కొల్లాజెన్ మీద కూడా పరిశోధన నడుస్తోంది గానీ అది తక్కువ వేడికే గుణం మారిపోతుందనేది ఒక చిక్కు, అయినా అమ్మకి అదీ కుదరదు.

కుట్లు నీట్‌గా వేశారు, వాపు మూడు రోజుల్లో తగ్గింది, బిల్లులో దాపరికం లేదు. పనికి నాలుగు స్టార్లు, చెప్పే పద్ధతికి రెండు. మీరెళ్తే పొడి పెట్టె, పొర పెట్టె రెండూ కుర్చీ ఎక్కకముందే చేతిలోకి తీసుకుని చదవండి.

ఇది జరిగి ఆరు నెలలు. ఎముక బాగానే కట్టిందట, వచ్చే నెల స్క్రూ. ఆ పొర ఈపాటికి కరిగిపోయి ఉంటుందన్నారు, అందుకే అమ్మకి ఇంకా చెప్పలేదు.