మట్టి గ్రౌండుకి 600 రూపాయల ఫుట్‌బాల్: రెండు వానాకాలాల తర్వాత

విశాఖ ఎంవీపీ కాలనీలో మేం ఆడే చోట గడ్డి పరక ఉండదు. ఎర్రమట్టి, గులకరాళ్లు, గోల్ వెనకాల ముళ్లకంప. అలాంటి నేల మీద నున్నటి పీవీసీ బంతులు పొరలు పొరలుగా లేచిపోతుంటే విసుగొచ్చి, పైన గరుకు రబ్బరు, 32 ముక్కల కుట్టు, లోపల బ్యుటైల్ రబ్బరు బ్లాడర్ (గాలి నిలిపే తిత్తి) ఉన్న జలంధర్ సరుకు తీసుకున్నాం. 600 రూపాయల లోపే వచ్చింది.

కొన్న రోజే వంటింటి కాటా మీద పెడితే 430 గ్రాములు తూగింది. 5వ సైజు బంతి 410 నుంచి 450 మధ్య ఉండాలి, చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు. టేపు చుట్టి చూశాం, అదీ సరిపోయింది. చవక బంతుల్లో ఈ రెండూ చూడకుండా డబ్బులివ్వొద్దు.

ఇప్పుడు పరిస్థితి ఏంటంటే, పైన అచ్చు మొత్తం పోయింది, గరుకుతనం సగం అరిగింది, వాల్వ్ పక్క ముక్క దగ్గర కుట్టు గోరు దూరేంత విడింది. గుండ్రం మాత్రం చెడలేదు. గాలి కూడా గట్టిగానే నిలుస్తోంది. లేటెక్స్ బ్లాడర్ అయితే కాలికి మెత్తగా ఉంటుంది గానీ రోజూ పంపు పట్టుకు తిరగాలి.

లోటు లేదనను. హెడ్ చేస్తే నుదురు చుర్రుమంటుంది. వానలో కుట్లలోంచి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, నీడన ఆరబెడితే గానీ దారికి రాదు. ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే ఇసుక కుట్లలో ఇరుక్కుంటుంది, ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగాల్సిందే.

బంతి మీద 8.5 నుంచి 15.6 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా అని రాసి ఉన్నా, గట్టి నేలకి 9 దగ్గర ఆపితే చాలు. అంతకు మించితే కాలి కింద నిలవదు, ఎగిరెగిరి రోడ్డెక్కుతుంది. సూదికి ఒక చుక్క గ్లిజరిన్ రాసి దించండి, పొడి సూది వాల్వ్‌ని చీల్చేస్తుంది. మన సముద్రపు గాలికి సూదులు తుప్పు పట్టేస్తాయి కాబట్టి బంతితో పాటే ఇంకో రెండు కొనుక్కోండి.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకైతే ఇందులోనే 4వ సైజు అడగండి. టర్ఫ్ (కృత్రిమ గడ్డి గ్రౌండు) బుక్ చేసుకుని ఆడేవాళ్లకి మాత్రం ఇది వద్దు, ఇంకాస్త వేసి పీయూ (పాలీయురెథేన్) బంతి తీసుకోండి.