నూర్ కథా, ఆండ్రే కథా: ఐదు నిమిషాల ఏకపాత్రకు ఏది మేలు?

మా అక్క కూతురు గుత్తిలో తొమ్మిదో తరగతి. మార్చి 8కి స్కూల్లో ఏకపాత్రాభినయం పోటీ పెట్టారు. "ఝాన్సీ రాణిని అప్పుడే ముగ్గురు తీసుకున్నారు చిన్నమ్మా, నాకు వేరే కథ కావాల" అంది. రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మన్లు ఆక్రమించిన దేశాల్లో చాటుగా పోరాడిన ఆడవాళ్ల గురించి చెప్పాను. వినేకొద్దీ ఎవరిని ఎంచుకోవాలో తెలీక దానికి టెన్షన్ పట్టుకుంది.

మొదట నూర్ ఇనాయత్ ఖాన్ కావాలంది. అనదా మరి, ఆమెది టిప్పు సుల్తాన్ వంశం. మా డాబా మీద నిలబడితే కనిపించే కోట ఒకప్పుడు ఆ టిప్పు చేతిలోదే. నూర్ 1914లో మాస్కోలో పుట్టింది, పారిస్ దగ్గర పెరిగింది, పిల్లల కథలు రాసేది. 1943 జూన్‌లో బ్రిటన్ ఆమెను రహస్యంగా ఫ్రాన్స్‌లో దింపింది. అలా పంపిన వైర్‌లెస్ ఆపరేటర్లలో ఆమే మొదటి మహిళ. దిగిన కొద్ది రోజులకే తోటివాళ్లు వరసగా దొరికిపోయారు. వెనక్కి వచ్చేయమంటే రానంది.

వైర్‌లెస్ సెట్ ఉన్న సూట్‌కేస్ దాదాపు 15 కిలోలు. ఇంచుమించు మన ఖాళీ గ్యాస్ సిలిండరంత. "ఎత్తి చూడు" అన్నాను. డాబా మెట్లు ఎక్కేలోపు పిల్ల రెండుసార్లు చెయ్యి మార్చుకుంది. నూర్ ఆ బరువుతో మాటిమాటికీ ఇల్లు మారాలి. ఒకేచోట ఎక్కువసేపు సందేశాలు పంపితే సిగ్నల్ పసిగట్టే జర్మన్ వ్యాన్లు వచ్చేస్తాయి.

అక్టోబరులో ఆమెను పట్టిచ్చారు. పంపిన సందేశాలు రాసి దాచుకున్న నోటుబుక్కు కూడా దొరికింది. దాని సాయంతో జర్మన్లు ఆమె పంపినట్టే లండన్‌కు దొంగ సందేశాలు పంపారు. స్టేజీ మీద ఇది మింగేసి చెప్పకూడదని నా పట్టుదల. నెలల తరబడి సంకెళ్లలో ఉంచి, 1944 సెప్టెంబరు 13న డాకౌ అనే జర్మన్ నిర్బంధ క్యాంపులో కాల్చి చంపారు.

హాలండ్ అమ్మాయి ఫ్రెడీ ఓవర్‌స్టీగెన్ 14 ఏళ్లకే పోరాటంలోకి దిగింది, అంటే మా పిల్ల వయసు. కానీ అందులో తుపాకీ పేల్చడం ఉంది, తొమ్మిదో తరగతి పిల్ల చేత చేయించడానికి నాకు మనసొప్పలేదు.

ఇక ఆండ్రే ద యోంగ్. బెల్జియం అమ్మాయి. 1941లో, 24 ఏళ్ల వయసులో ఆమె మొదలుపెట్టిన దారికి 'కామెట్' అని పేరు. విమానం కూలి బతికి బయటపడ్డ సైనికులకు దొంగ కాగితాలు ఇచ్చి, పారిస్ మీదుగా రైల్లో తెచ్చి, రాత్రిపూట ఫ్రాన్స్ సరిహద్దులోని పిరనీస్ కొండలు దాటించి స్పెయిన్‌లో వదలాలి. ఆమె స్వయంగా వెంట నడిచి దాటించినవాళ్లే వందకు పైన. 1943 జనవరిలో వాన వల్ల కొండ దాటలేక ఒక రైతు ఇంట్లో ఆగినప్పుడు పట్టుకున్నారు. "ఈ దారి నడిపేది నేనే" అని ఒప్పుకుంటే జర్మన్లు నమ్మలేదు, ఇంత చిన్న పిల్లా అని. క్యాంపుల్లో నరకం చూసింది కానీ బతికి, తర్వాత ఆఫ్రికాలో కుష్ఠు రోగులకు సేవ చేసింది.

నా ఓటు ఆండ్రేకే. నూర్ కథ నిజంగానే గుండె పిండేస్తుంది. కానీ ఐదు నిమిషాల్లో ఆఖరి తుపాకీ మోత ఒక్కటే మిగిలి, మోసిన బరువు కనబడకుండా పోతుందని నా భయం. పైగా ఆండ్రే కథలో ఇంకొకామె ఉంది. ఆ రాత్రి ఆశ్రయమిచ్చిన ఆ ఇంటావిడ ఫ్రాంచా ఉసాందిజాగా. ముగ్గురు పిల్లల తల్లి కూడా. ఆమెనూ పట్టుకెళ్లారు. రావెన్స్‌బ్రూక్ క్యాంపు నుంచి తిరిగి రాలేదు.

ఇది విని పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వంటింట్లోకి పోయి, అక్క పాత దుప్పటి కప్పుకుని వచ్చి తలుపు వెనక నిలబడింది. "చిన్నమ్మా, నువ్వు బయట నుంచి తట్టు. నేను తీస్తా."