పండగ ‘కుటుంబ చిత్రం’: ఆడపడుచులతో కలిసి టికెట్లు కొనేవారికి ఒక హెచ్చరిక

ఈ సంక్రాంతికి ఇంటిల్లిపాదీ చూడదగినదని ప్రచారమవుతున్న ఒక కుటుంబ కథాచిత్రానికి ముక్కనుమ నాడు అమలాపురంలో మొదటి ఆటకు మా ఇంటి నుంచి పదిమందిమి వెళ్లాము. టికెట్టు 200 రూపాయల చొప్పున, ఆన్‌లైన్ రుసుములతో కలిపి 2,270 రూపాయలు అయింది. డబ్బు ఒక్కటే పోయి ఉంటే అది పండగ ఖర్చులో కలిసిపోయేది. ఆ చిత్రం చివరి గంటసేపు మా అక్క పక్కన తల దించుకుని కూర్చోవలసి వచ్చినందుకు ఇది రాస్తున్నాను.

చిత్రం పేరు, హాలు పేరు రాయడం లేదు. పేరు రాసిన మరుక్షణం ఇది అభిమానుల తగువుగా మారి, చెప్పదలచిన విషయం కొట్టుకుపోతుంది. మండువా లోగిలి ముందు పడక కుర్చీలో తల్లి, ఆమె చుట్టూ ముగ్గురు కొడుకులు నిలబడిన పోస్టరును మన కూడళ్లలో చూసినవారికి నేను దేని గురించి అంటున్నానో తెలిసిపోతుంది. ఆ పోస్టరులో కూతురు లేదు. టికెట్లు కొనేటప్పుడు ఆ సంగతి నేను గమనించలేదు. ఇక్కడి నుంచి కథ చెప్పక తప్పదు కనుక, తెలుసుకోకుండా చూడాలనుకునేవారు ఇక్కడే ఆగవచ్చు.

ముందుగా మంచి చెప్పాలి, ఎందుకంటే మొదటి సగం నిజంగా బాగుంది. భర్త పోయాక పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉంటున్న తల్లి దగ్గరకు భోగికి ముందు రోజు పిల్లలందరూ దిగుతారు. అంతమందికి వండడానికి బియ్యం డబ్బా దగ్గర సోల పట్టుకుని నిలబడిన ఆమెకు ఎన్ని సోలలు పోయాలో గుర్తు రాదు. ఏళ్ల తరబడి తన ఒక్కదానికే గుప్పెడు బియ్యం పోసుకోవడం అలవాటైపోయి, ఒకప్పుడు కళ్లు మూసుకుని కొలిచిన చేయి ఇప్పుడు తడబడుతుంది. ఆ నటి ఒక్క మాటా మాట్లాడకుండా, సోలను డబ్బాలోకి దింపి, మళ్లీ పైకి తీసి, మనసులో ఎవరెవరినో లెక్కపెట్టుకునే ఆ సన్నివేశం నాకు చాలాకాలం గుర్తుంటుంది. నా వెనక వరుసలో కూర్చున్న మా అమ్మగారు ఉండబట్టలేక, “నాలుగు సోలలు పోయమ్మా, సరిపోతాయి” అని తెరకేసి అన్నారు. చుట్టుపక్కల ఎవరూ నవ్వలేదు.

కొబ్బరి దింపు తీసే మనిషితో పెద్ద కొడుకు మాట్లాడే సన్నివేశమూ అటువంటిదే. తోట అమ్మేద్దామని హైదరాబాదు నుంచి లెక్కలు వేసుకుని వచ్చిన ఆయనకు, దింపు ఎన్ని రోజులకొకసారి తీయిస్తారో, వెయ్యి కాయల ధర ఎంత పలుకుతుందో, చెట్టెక్కే మనిషి కూలి ఎంతో, ఏదీ తెలియదని నాలుగు మాటల్లోనే బయటపడుతుంది. అతని అజ్ఞానాన్ని ఎగతాళి చేయకుండా, దింపు మనిషి ఎంతో మర్యాదగా సమాధానాలు చెబుతూ పోతాడు. ఆ మర్యాదే ఎక్కువగా గుచ్చుకుంటుంది.

1996 నవంబరు తుపాను నాటి వెనుకటి కథ ఈ చిత్రానికి ప్రాణం. ఆ నెల 6వ తేదీ రాత్రి కోనసీమలో ఉన్నవారికి ఎవరూ వర్ణించి చెప్పనక్కరలేదు. తెల్లవారి చూస్తే తోటలకు తోటలే నేలమీద పడుకుని ఉన్నాయి. చిత్రంలో తండ్రి పడిపోయిన చెట్లను నరికించి, మళ్లీ మొక్కలు నాటిస్తాడు. కొబ్బరి మొక్క నాటిన మరుసటి పాటలోనే గెలలు వేయించే చిత్రాలను చాలా చూశాను కానీ, ఈ దర్శకుడికి మాత్రం నాటు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుందని తెలుసు. ఆ ఏళ్లన్నీ ఆ ఇల్లు ఎలా గడిచిందో ఓపికగా చూపించాడు. మగపిల్లలు హాస్టళ్లలో చదువుకుంటూ ఉంటే, పదేళ్ల కూతురు రోజూ బడికి వెళ్లేముందు కాలువ నుంచి బిందెతో నీళ్లు మోసి మొక్కలకు పోస్తుంది. ఈ విషయం గుర్తుంచుకోండి, ఎందుకంటే రెండో సగంలో దర్శకుడు దీన్ని పూర్తిగా మరచిపోయాడు.

విశ్రాంతి తరువాత కూతురు తన వాటా అడుగుతుంది. అంతే, అప్పటిదాకా మనుషుల్లా కనిపించిన పాత్రలన్నీ ఒక్కసారిగా బొమ్మలైపోతాయి. నేపథ్య సంగీతం మారుతుంది, కూతురు చీర రంగు కూడా మారుతుంది. నల్లకోటు వేసుకున్న వకీలు వచ్చి, పెళ్లై వెళ్లిపోయిన ఆడపిల్లకు పుట్టింటి ఆస్తిలో హక్కు లేదని, పసుపు కుంకుమల కింద ఇచ్చిందే ఆమె వాటా అని తేల్చేస్తాడు. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు.

ఇది శుద్ధ అబద్ధం. తుపాను నాటికి ఆమెకు పదేళ్లని చిత్రమే చెప్పింది. అంటే ఆమె పుట్టింది 1986 ప్రాంతంలో. ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేటట్లు 1986లో హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణ, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమానమైన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ పెళ్లయినవారికి కూడా దేశమంతటా అదే హక్కును కల్పించింది. ఆ హక్కు కూతురికి పుట్టుకతోనే వస్తుందని, సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో స్పష్టం చేసింది. ఆ తోట తండ్రి స్వార్జితమనుకున్నా, వీలునామా రాయకుండా పోయాడని చిత్రమే చెబుతున్నది కనుక, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతురికి సమాన భాగాలు వస్తాయి. ఏ దారిన వెళ్లినా కూతురికి వాటా ఉంది. రచయిత ఎవరైనా అమలాపురం కోర్టు వీధిలో ఒక్క పూట నిలబడి అడిగి ఉంటే ఈ చిక్కుముడి వేయడానికి వీలే ఉండేది కాదు.

కథలో పాత్రలకు చట్టం తెలియకపోవచ్చు, అందులో తప్పు లేదు. ఆ తెలియనితనాన్ని ధర్మంగా చూపించి చప్పట్లు కొట్టించుకోవడమే తప్పు. చివరకు ఆ కూతురు తల్లి కాళ్ల మీద పడి, తన హక్కు వదులుకుంటున్నట్లు విడుదల దస్తావేజు మీద సంతకం చేస్తుంది. అన్నదమ్ములు ఆమెకు పట్టుచీర పెడతారు. హాలులో ఈలలు, చప్పట్లు. తోటకు నీళ్లు మోసిన పిల్ల ఈమేనని తెర మీద గానీ హాలులో గానీ ఎవరికీ గుర్తు లేదు. అంతవరకు అంత నిజంగా ఉన్న తల్లి కూడా ఆ సన్నివేశంలో కన్నీళ్లు తుడుచుకుంటూ నవ్వడం తప్ప ఏమీ చేయదు.

మా నాన్నగారు పోయిన తరువాత మొన్న శ్రావణంలో మేము పంపకాలు చేసుకున్నాము. అక్క తన వాటా తీసుకుంది. ఇంట్లో మాకు దాని మీద తగువు లేదు కానీ, బంధువుల్లో ఒకరిద్దరు “పుట్టింటి మీద పడింది” అన్న మాట ఆమె చెవిన పడకపోలేదు. ఆ చప్పట్ల మధ్య అక్క చేతిసంచిలో ఏదో వెతుకుతున్నట్లు చాలాసేపు తల వంచుకునే ఉంది. బావగారు పిల్లలకు నీళ్లు తెస్తానని లేచి వెళ్లి, ఆట అయ్యేదాకా తిరిగి రాలేదు. దారిలో ఎవరూ సినిమా గురించి మాట్లాడలేదు. మా ఇంట్లో సినిమా చూసి వస్తూ మాట్లాడుకోకపోవడం నాకు తెలిసి ఇదే మొదలు.

తక్కిన లోపాలు దీనితో పోలిస్తే చిన్నవి. పండగ విందులో పులస పులుసు వడ్డిస్తారు. పులస ఏటికి ఎదురీదేది వరదల కాలంలో, శ్రావణ భాద్రపదాల్లో, సంక్రాంతికి కాదు. అలంకరించిన ప్రభలను భుజాల మీద మోసుకొచ్చే జగ్గన్నతోట తీర్థాన్ని పాటలో అందంగా చూపించారు గానీ, అందులో ప్రభలు పండి పసుపెక్కిన వరి చేల మధ్య నడుస్తాయి. సంక్రాంతికి మన దగ్గర తొలి పంట సార్వా కోతలు ముగిసి, రెండో పంట దాళ్వా నాట్లు పడుతుంటాయని, పచ్చని చేలను తొక్కుకుంటూ ప్రభలు వెళ్లినా రైతులు ఏమీ అనుకోరని, అదే ఆ తీర్థం గొప్పతనమని తెలిసినవారికి ఆ దృశ్యం వేరే ఊరి నుంచి తెచ్చి అతికించినట్లు ఉంటుంది. ప్రతి వాక్యం చివరా “ఆయ్” అనిపిస్తే గోదావరి యాస అయిపోతుందనుకోవడం పాత జబ్బే. పెద్దలు చెప్పినదానికి జవాబుగా అనే ఆ మాటను పనివాళ్ల మీద అరుస్తూ కూడా అనిపించారు.

ఇక కొనేవారు చూసుకోవలసినవి. ప్రచార చిత్రంలో నాయనమ్మ, మనుమరాలు గోదావరి పాయ వైనతేయలో పడవ మీద వెళ్లే దృశ్యం ఉంది, మా పిల్లలు దాని కోసమే వచ్చారు. అది సినిమాలో లేనే లేదు. దీని మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి. ప్రచారంలో చూపిన పాట సినిమాలో లేదని ఒక హిందీ చిత్రం మీద వేసిన కేసులో, ప్రచార చిత్రం ప్రేక్షకుడికి ఇచ్చిన వాగ్దానం కిందకు రాదని, అది సేవాలోపం కాదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. కాబట్టి జాగ్రత్త మనదే. పోస్టరు మీద పిల్లలు నవ్వుతున్నా, సెన్సారు ధ్రువపత్రం యూఏ 16+ అని ఉంది. 2024 నుంచి యూఏ తరగతిని 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. పెద్దల తోడుతో చిన్న పిల్లలను పంపుతారు కానీ, ఆ అంకె ఊరికే వేయరు. రెండో సగంలో కొబ్బరి కత్తులతో జరిగే పోరాటం చూసి మా ఎనిమిదేళ్ల మేనకోడలు కళ్లు మూసుకుంది. టికెట్ల పేజీలో భాష పక్కనే ఈ అంకె కనిపిస్తుంది, నేను చూడలేదు. హాలులో మంచినీళ్ల సీసాకు ముద్రించిన ధర కంటే ఎక్కువ అడిగితే మాత్రం జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు.

మొదటి సగం కోసం, ఆ తల్లి పాత్ర కోసం ఈ చిత్రాన్ని ఒంటరిగానో స్నేహితులతోనో చూసేవారిని నేను వద్దనను. పంపకాలు జరిగిన ఇల్లు, జరగబోయే ఇల్లు, ఆ మాట నలుగుతున్న ఇల్లు అయితే మాత్రం ఆడపడుచులను వెంటబెట్టుకుని వెళ్లకండి. ఆదివారం ఆటకు మా పిన్నిగారి కుటుంబం కోసం తీసి ఉంచిన నాలుగు టికెట్లను నేను ఆ రాత్రే రద్దు చేశాను. టికెట్ల సొమ్ములో కొంత కోత పోగా మిగిలినది వెనక్కి వచ్చింది, ఆన్‌లైన్ రుసుము రాలేదు. రద్దు గడువు ఆట మొదలవడానికి ముందే ముగిసిపోతుంది, పైగా అన్ని హాళ్లకూ ఆ వీలు లేదు కనుక, ఇప్పటికే కొన్నవారు ఈ రాత్రికే ఆ పేజీ తెరిచి చూసుకోండి.