ఫర్ యూ ఫీడా, ఫాలోయింగ్ ఫీడా, హిస్టరీ ఆపేయడమా: ఏది మేలు?

రాజకీయాల్లో మన ఫీడ్ మనవైపు మాటే ఎక్కువ చూపిస్తుంది, దీన్నుంచి బయటపడే దారి ఏదన్నదే ప్రశ్న. అమరావతి గొడవనే తీసుకోండి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినప్పటి నుంచి రైతుల దీక్షల వీడియోలు చూస్తూ వచ్చినవాళ్ళ యూట్యూబ్ హోమ్ పేజీ నిండా ల్యాండ్ పూలింగ్, పాదయాత్రలు, ఆగిపోయిన భవనాలు. అదే ఇంట్లో అదే వైఫై మీద విశాఖ, కర్నూలు వాదన వినేవాళ్ళకి అప్పుల లెక్కలు, వరద నీళ్ళు, వెనకబడ్డ జిల్లాలు. అవతలివాళ్ళ మాట అసలు రాదని కాదు, వస్తుంది. కాకపోతే ట్రోల్ వీడియోగా, పది సెకన్ల ముక్కగా, పైన వెక్కిరింపు మ్యూజిక్‌తో వస్తుంది. అది చూసి "వాళ్ళ వాదన కూడా విన్నాం" అనుకుంటాం చూశారా, అసలు ఇబ్బంది అక్కడే.

ఫర్ యూ ఫీడ్‌ని, అంటే మన అలవాట్లు చూసి యాప్ తనే ఏరి పెట్టేదాన్ని, ఊరికే తిట్టను. వంటలకి, క్రికెట్‌కి, మిక్సీ రిపేర్‌కి దాన్ని మించింది లేదు. రాజకీయాలకి వచ్చేసరికి మాత్రం మనం ఎంతసేపు చూశాం, దేని మీద నొక్కాం అన్నవే దానికి ముఖ్యం, కోపంతో చూసినా చూసినట్టే లెక్క.

సరే, ఫాలోయింగ్‌కి, అంటే మనం ఫాలో అయినవాళ్ళ పోస్టులే వచ్చే ఫీడ్‌కి మారితే? ఎక్స్‌లో ఆ ట్యాబ్ ఉంది, ఇన్‌స్టా కూడా 2022లో తెచ్చింది. కానీ ఫాలో అయింది మనవాళ్ళనే కదా! 2020 అమెరికా ఎన్నికలప్పుడు ఫేస్‌బుక్, ఇన్‌స్టా వాడేవాళ్ళలో కొందరికి మూడు నెలల పాటు పోస్టులు వచ్చిన వరసలోనే చూపించారు. వాళ్ళు యాప్‌లో గడిపే టైమ్ తగ్గింది, రాజకీయ పోస్టులు, నమ్మదగని పోస్టులు ఇంకా ఎక్కువ కనిపించాయి, అభిప్రాయాల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఈ ఫలితాలు 2023లో సైన్స్ పత్రికలో వచ్చాయి. అంత దూరం ఎందుకు, ఏ అల్గారిథమూ వరస మార్చని మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరి పాట వాళ్ళదే.

నా ఓటు మూడోదానికే, అంటే హిస్టరీ ఆపేయడానికే, అదీ వార్తల వరకు. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ (మనం చూసిన వీడియోల జాబితా) చెరిపేసి, ఆపేస్తే హోమ్ పేజీ దాదాపు ఖాళీ అయిపోతుంది (2023 ఆగస్టు నుంచి యూట్యూబ్ ఇలాగే చేస్తోంది). మొదట్లో చిరాగ్గానే ఉంటుంది, పిల్లల పాటల దగ్గర్నుంచి అన్నీ మనమే వెతుక్కోవాలి, అంత ఓపిక లేకపోతే వార్తలకి వేరే అకౌంట్ పెట్టుకోండి. తర్వాత ఒకే రోజు ఈనాడు, సాక్షి రెండూ తెరిచి, అసెంబ్లీలో జరిగిన ఒకే గొడవకి రెండు హెడ్డింగులూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకదాంట్లో మొదటి పేజీలో ఉన్నది రెండోదాంట్లో ఏ మూలనో ఉంటుంది, ఒక్కోసారి అసలు ఉండదు. సాక్షి జగన్ కుటుంబానిదని అందరికీ తెలుసు, ఈనాడు టీడీపీ వైపని వైసీపీ వాళ్ళు ఎప్పటి నుంచో అంటున్నదే. ఏది ఎటు మొగ్గుతుందో ముందే తెలిస్తే ఆ మేరకు తీసేసి చదువుకోవచ్చు. ఫీడ్‌తో ఆ సుఖం లేదు, ఏం దాచిందో మనకి తెలియదు.

ఒక్క జాగ్రత్త: వెతికేటప్పుడు "అమరావతి స్కామ్" అని కొడితే స్కామే వస్తుంది, "అమరావతి రైతుల కష్టాలు" అని కొడితే కష్టాలే వస్తాయి. ఉత్తగా "అమరావతి రాజధాని" అని కొట్టి, పైన వచ్చిన మొదటి రెండింటితో ఆపేయకుండా కాస్త కిందికి దిగండి.