జారే తాడే నయం: గుర్రాన్ని కట్టే టై రింగ్ చాన్నాళ్లు వాడాక

మా వైపు గుర్రాన్ని కూడా ఎద్దును కట్టినట్టే కడతారు. మెడకో పలుపు, గుంజకో గట్టి ముడి, అంతే. ఎద్దు కాసేపు గుంజుకుని ఊరుకుంటుంది. గుర్రం ఊరుకోదు. బెదిరితే తల పైకెత్తి వెనక్కి లాగుతుంది. చెవుల వెనక పలుపో, హాల్టర్ (తలకు తొడిగే కట్టు) పట్టీయో బిగుసుకోగానే ఇరుక్కుపోయానన్న భయంతో ఇంకా గట్టిగా లాగుతుంది. సుమారు 400 కిలోల జంతువు అలా లాగితే తాడో, గుంజో, దాని మెడో ఏదో ఒకటి దెబ్బతినాల్సిందే. పక్క తోటలో గేటుకు కట్టిన గుర్రం ఒకటి ఆ గేటునే ఊడబెరుక్కుని పరిగెత్తింది. వెనక ఈడ్చుకొస్తున్న ఇనుము చప్పుడుకి దాని పరుగు ఇంకా పెరిగింది.

మాది మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా గుర్రాల సంతలో కొన్న మార్వాడీ జాతి ఆడగుర్రం. అగాడీ పిఛాడీకి అలవాటుపడి వచ్చింది. అంటే తలకు చెరోవైపు తాళ్లు, వెనక కాళ్లకు తాళ్లు, అన్నీ నేలలో దిగ్గొట్టిన మేకులకు. సంతలో పక్కపక్కనే గుర్రాలను నిలబెట్టేటప్పుడు తన్నులాటలు తప్పించడానికి ఆ పద్ధతి పనికొస్తుంది. రోజూ అలాగే ఉంచితే మాత్రం గిట్టల పైభాగంలో తాడు ఒరుసుకుని పుండ్లు పడతాయి. నిప్పంటుకుంటే అన్ని తాళ్లూ విప్పే టైమ్ ఎవరికుంటుంది? అందుకే ఇక్కడికి తెచ్చాక అది మానేసి స్టీల్ టై రింగ్ బిగించాం.

ఇది మధ్యలో కదిలే నాలుక ఉన్న రింగు. తాడును మడతపెట్టి రింగులోంచి తోసి, ఆ మడతలోకి నాలుకను దూర్చి లాగితే కట్టినట్టే. ముడి ఉండదు. గుర్రం మామూలుగా నిలబడితే తాడు కదలదు, గట్టిగా లాగితే కొంచెం కొంచెంగా జారుతుంది. గుర్రాన్ని చూసుకునే మా సైస్ చూసి నవ్వాడు: "జారే తాడుకు గుర్రం ఆగుతదా సార్?"

ఆగింది. ఒక సాయంత్రం గాలికి షెడ్డు మీది టార్పాలిన్ చివర లేచి పటపటా కొట్టుకుంది. గుర్రం తల ఎత్తేసి వెనక్కి తోసింది. తాడు జర్రున రెండడుగులు జారింది. చెవుల వెనక పట్టు సడలగానే అదీ ఆగింది. టార్పాలిన్ వైపు తిరిగి చూసి, ముక్కుతో బుస్సుమని, దానంతటదే ఒక అడుగు ముందుకేసింది. ఆ తర్వాత సైస్ మళ్లీ నవ్వలేదు.

ఇక లోపాలు. అసలు చిక్కంతా తాడుతోనే. నూలుతాడు వానకు తడిసి ఉబ్బితే రింగులో పట్టేసి అస్సలు జారదు, అప్పుడది మామూలు ముడితో సమానం. కొత్త నున్నటి పాలిస్టర్ తాడేమో మరీ తేలిగ్గా జారిపోతుంది. కొన్నాళ్లు వాడి కాస్త గరుకెక్కిన పాలిస్టర్ తాడే మాకు కుదిరింది. పది పన్నెండు అడుగుల పొడవుండాలి, చివర ముడి వేయకూడదు. ఇంకొకటి, తెలివైన గుర్రం మెల్లమెల్లగా లాగి తాడంతా బయటికి తీసేస్తుంది. మాది అది కూడా నేర్చుకుంది. కాబట్టి చుట్టూ కంచె ఉన్నచోటే ఈ రింగు వాడాలి. రోడ్డు పక్కన, పెళ్లి ఊరేగింపు దగ్గర నేనైతే దీన్ని నమ్మను. అక్కడ ఒకరు తాడు పట్టుకుని పక్కనే నిలబడాల్సిందే.

రింగును గుర్రం భుజాల ఎత్తుకు తగ్గకుండా, కదలని గుంజకే బిగించండి. కిందికి పెడితే వేలాడే తాడులో ముందుకాలు పడుతుంది. తాడును హాల్టర్‌కే తగిలించాలి, కళ్లేనికి కాదు. కళ్లెంతో కట్టిన గుర్రం లాగితే నోరు చీరుకుపోతుంది. రింగు లేనిచోట కొస లాగితే ఊడే ముడి వేస్తాం. కానీ గుర్రం బలంగా లాగి బిగిస్తే ఆ ముడి కూడా మొరాయిస్తుంది. అందుకే గుంజకు ముందు సుతిలి తాడు ఉంగరంలా చుట్టి, దానికే కడతాం. మరీ లాగితే తెగేది సుతిలే. షెడ్డులో చేతికందేచోట ఒక కత్తి కూడా వేలాడుతుంటుంది.

రబ్బరులా సాగే కట్టుతాళ్లు కూడా అమ్ముతున్నారు. తెగితే కొక్కెం తిరిగొచ్చి గుర్రం కంటికో మన ముఖానికో తగులుతుంది, అందుకే నేను కొనలేదు. రింగుకు మాత్రం ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటి తాడు విడిగా వెతుక్కోవాల్సి వచ్చినందుకు.